నాలుక మీద గరుకు

తమ్ముడి భార్య నాడీన్ ఫోన్ చేసేనాటికి ఆర్విల్ స్టేమీకి, తమ్ముడు క్లెల్‌కి మధ్య మాటలు లేక మూడేళ్లు దాటింది.

"బావగారూ, ఆయన్ని చేపలకి తీసుకెళ్లాలంట మీరు," అంది ఆమె. "డాక్టరు వద్దన్నాడు. నేనూ వద్దన్నాను. ఎవరి మాటా వినట్లేదు."

"ఏ చేపలకి?"

"చిన్ననోటి బాస్‌కంట."

కెటోకా సరస్సులో చిన్ననోటి బాస్ చేప గాలానికి పడి ఎన్నాళ్లయిందో ఊళ్లో అందరికీ తెలుసు. అవి లేకుండా పోవడానికి కారణం ఎవరో కూడా తెలుసు.

"రేపు పొద్దున సిద్ధంగా ఉండమను," అని ఆర్విల్ ఫోన్ పెట్టేశాడు.

కొండల మధ్య ఆనకట్ట కట్టి నిలిపిన నీళ్లవి. వాళ్ల నాన్న కాలం నుంచి అందులో రెండు రకాల బాస్‌లు ఉండేవి. పెద్దనోటివి వాగులు కలిసే మడుగుల్లో, మునిగిన చెట్ల మొదళ్ల దగ్గర, నాచులో కాపురం ఉండేవి. చిన్ననోటివాటికి రాతి నేల కావాలి, చల్లటి లోతు కావాలి. చలికాలంలో ఆనకట్ట గేట్లెత్తి నీళ్లు దించేసి ఎర్రమట్టి ఒడ్లు బయటపడ్డాక అవి ఆనకట్ట పక్కనున్న నిలువు బండ కింద గుంపుగా చేరేవి. మార్చిలో నీళ్లు కాస్త వెచ్చబడగానే అన్నిటికంటే ముందు అవే లేచి నీటడుగు గులకరాళ్ల మెట్టల మీదికి వచ్చేవి. ఎండలు ముదిరితే మళ్లీ లోతుకు దిగేవి. ఆకులు రాలే రోజుల్లో మాత్రం రెండు రకాలూ చిన్న చేపల మందల్ని తరుముతూ వాగు మొగల దగ్గర కలిసి మేసేవి, చలి పెరగగానే వేటి చోటికి అవి మళ్లేవి. పట్నం నుంచి వచ్చినవాళ్లని పడవలో ఎక్కించుకుని ఈ రాకపోకల వెంట తిరగడమే ఆర్విల్ బతుకుతెరువు.

క్లెల్ రాతి క్వారీలో పనిచేసేవాడు. ఒక ఏడాది ఎక్కడో దక్షిణాన ఉన్న సరస్సు నుంచి మచ్చల బాస్ అనే ఇంకో రకం చేపల్ని పడవ తొట్టిలో బతికించి తెచ్చి, పట్టపగలు రేవులో వదిలాడు. "ఇవైతే గడ్డకట్టే చలిలో కూడా గాలం మింగుతాయన్నా, చూస్తూండు," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు భలే పని చేశావన్నారు. ఆర్విల్ ఏదో గొణిగి ఊరుకున్నాడు.

మొదటి చలికాలాల్లో నిలువు బండ కింద మచ్చలవీ చిన్ననోటివీ పక్కపక్కనే పడుకున్నాయి. చలిలో ఏ చేపకీ పోట్లాడే ఓపిక ఉండదు. చేటంతా వసంతంలో వచ్చింది. మచ్చలవి అవే గులకరాళ్ల మీద గూళ్లు చేసుకుని చిన్ననోటివాటితో జత కట్టాయి. పుట్టిన పిల్లలు అటూ ఇటూ కాని రంగులో ఉండేవి. వాటి పిల్లలకి ఇంకాస్త మచ్చలు. మడుగుల్లోని పెద్దనోటివి క్షేమంగానే ఉన్నాయి. మెట్టల మీద మాత్రం అసలు చిన్ననోటిది కరువైపోయింది. పట్నం వాళ్లు రావడం మానేశారు.

"నా నోట్లో మట్టి కొట్టావు కదరా," అని రేవులో నలుగురి ముందూ అన్నాడు ఆర్విల్.

"సరస్సు మీద నీ పేరేమైనా రాసుందా?" అన్నాడు క్లెల్. అక్కడితో మాటలు ఆగిపోయాయి.

ఫోన్ వచ్చిన మర్నాడు పొద్దున ఆర్విల్ క్లెల్ ఇంటికి వెళ్లాడు. క్వారీ దుమ్ము తమ్ముడి ఊపిరితిత్తుల్ని తినేసింది. మనిషి చొక్కాలో ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. ముక్కుకి గొట్టం, పక్కన ఆక్సిజన్ సిలిండర్. రేవులో ఆర్విల్, నాడీన్ కలిసి అతన్ని ఎత్తి పడవలో కూర్చోబెడుతుంటే ఆమె ముఖం పక్కకి తిప్పుకుంది.

"బరువు తగ్గావురా," అన్నాడు ఆర్విల్.

"నీ పడవకి మంచిదేగా. ఎప్పుడూ చిల్లుల్లోంచి నీళ్లు తాగుతూనే ఉంటుంది."

మార్చి గాలి చల్లగా కోస్తోంది. డాగ్‌వుడ్ చెట్లకి ఇంకా మొగ్గలు విచ్చలేదు. ఆర్విల్ పడవని నేరుగా ఎగువనున్న మెట్ట మీదికి నడిపాడు. నిలువు బండకీ గులకరాళ్లకీ మధ్య చేపలు పైకొచ్చే దారి అది.

"ఇంకా ఇక్కడికే వస్తాయా?" అడిగాడు క్లెల్.

"వచ్చేవి వస్తాయి."

క్లెల్ గాలం విసరలేకపోతే అన్నే విసిరి కర్ర చేతికిచ్చాడు. మాటిమాటికీ అలా విసిరిస్తూనే ఉన్నాడు. క్లెల్ దగ్గాడు, కళ్లు మూసుకున్నాడు, మళ్లీ గాలం తాడు మీద వేలు పెట్టుకున్నాడు. పొద్దెక్కాక కర్ర వంగింది. చేప లోతుకు లాగింది, ఒకసారి నీళ్లలోంచి పూర్తిగా ఎగిరింది. గోధుమరంగు ఒళ్లు, పక్కల మీద నిలువు చారలు, అచ్చం చిన్ననోటిదానిలా. క్లెల్ రెండు చేతులతో కర్రని పొట్టకి ఆనించుకుని లాగాడు.

"అదే అన్నా. అదే కదూ?"

ఆర్విల్ వంగి కింది దవడని బొటనవేలితో పట్టి చేపని పైకెత్తాడు. నాలుక మధ్యలో వేలికి చిన్న గరుకు తగిలింది. మచ్చల బాస్‌కి ఉండే పళ్ల గరుకు. పొట్ట పక్కన చుక్కల వరస కూడా సన్నగా ఉంది.

అవునని అనడానికి అరక్షణం పట్టదు. అందామనే నోరు తెరిచాడు. పట్నం వాళ్లు రాని ఆ ఏళ్లన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"కాదు. ఇది నువ్వు తెచ్చినవాటి పిల్ల," అన్నాడు.

క్లెల్ చేప వైపు చూశాడు. "అయితే చంపెయ్," అన్నాడు. ఆర్విల్ పట్టకారుతో దాని తల మీద కొట్టాడు. పడవ తిప్పి తమ్ముణ్ణి ఇంటికి తీసుకొచ్చాడు.

నాడీన్ గుమ్మంలోనే చేపని అందుకుంది. "ఏం చేప ఇది?"

"చిన్ననోటిదే," అన్నాడు క్లెల్. "అసలుది."

ఆమె ముఖంలో రంగు మారింది. "అసలుదైతే ఎందుకు చంపారు? ఇంక ఎన్ని మిగిలాయని?"

క్లెల్ ఆర్విల్ వైపు చూశాడు. చెప్పాల్సింది ఆర్విలే. కానీ పడవలో అంత సులువుగా బయటికి వచ్చిన నిజం ఇప్పుడు నోరు దాటలేదు. నాడీన్ చేపని మొక్కజొన్న పిండిలో పొర్లించి వేయించింది. క్లెల్ ఒక్క ముక్క మింగలేక దగ్గి కంచం తోసేశాడు. ఆర్విల్ తన వాటా అంతా తిన్నాడు.

మే నెలలో, మడుగుల్లో పెద్దనోటివి గూళ్లకి కాపలా కాస్తున్న రోజుల్లో, క్లెల్ పోయాడు. పాతిపెట్టి వస్తుంటే స్టేమీ అన్నదమ్ములు ఆఖరి చిన్ననోటిదాన్ని కూడా వేయించుకు తిన్నారని వెనక ఎవరో అంటున్నారు. నాడీన్ ఊరంతా చెప్పినట్టుంది. ఆర్విల్ వెనక్కి తిరగలేదు.

ఆ చలికాలం నీళ్లు దించాక నిలువు బండ దగ్గరికి ఒక్కడే వెళ్లాడు. వేసిన గాలానికల్లా మచ్చలవి పడ్డాయి, తమ్ముడు చెప్పినట్టే. లావుపాటివి శుభ్రం చేసి నాడీన్ ఇంటికి తీసుకెళ్లాడు.

ఆమె జాలీ తలుపు తీయకుండానే చూసింది.

"ఆ సరస్సులో చేప నాకొద్దు బావగారూ," అంది.

"మచ్చలవేనమ్మా ఇవి."

"ఏవైనా వద్దు."

లోపల గోడవారన క్లెల్ సిలిండర్ ఇంకా అలాగే ఉంది. ఆర్విల్ చేపల సంచి పట్టుకుని ట్రక్కు దగ్గరికి నడిచాడు.