పిలిస్తే పలకలేదట

అద్దకం షెడ్డులో ఆవిరి గొట్టం పగిలినప్పుడు వెనక తలుపుకు బయటి నుంచి తాళం వేసి ఉంది. పాపక్క చెల్లెలు ఆ తలుపు దగ్గరే ప్రాణం విడిచింది. ఆమె తలుపు బాదిన చప్పుడు రంగుతొట్ల దగ్గరున్న మా అందరికీ వినిపించింది. తాళంచెవి మాత్రం కాంట్రాక్టరు జేబులో ఉంది. కూలీలు టీకని జారుకుంటారని తలుపులన్నీ బిగించే ఆ మహానుభావుడికి మేం పెట్టుకున్న పేరు గొళ్లెం.

పోలీసులు కేసు రాయలేదు. "ప్రమాదం," అన్నారు, గొళ్లెం పంపిన కూల్‌డ్రింకులు చప్పరిస్తూ. అందుకే మా వకీలమ్మ పాపక్క చేత నేరుగా మేజిస్ట్రేటు ముందు ప్రైవేటు ఫిర్యాదు వేయించింది. ఫిర్యాది వచ్చి ప్రమాణం చేసి చెబితేనే కేసు కదులుతుంది.

వాయిదా రోజున వకీలమ్మ పక్క కోర్టులో ఇరుక్కుపోయింది. మేం వరండాలో కిక్కిరిసి నిలబడ్డాం. బంట్రోతు గుమ్మంలోకి వచ్చి, పళ్ల సందులోంచి ఏదో పేరు మూడుసార్లు గొణిగాడు.

"ఎవరో పాపం, రాలేదు," అంది పాపక్క జాలిగా. "పని మానుకోవడం కుదర్లేదేమో."

అది ఆమె పేరే!

జుట్టు నెరిసినా ఆమె అందరికీ పాపక్కే. కాగితం మీది పేరుతో చచ్చిపోయిన చెల్లెలు కూడా ఏనాడూ పిలవలేదు. ఫిర్యాది గైర్హాజరట. ఫిర్యాదు కొట్టేశారట. దగ్గు వచ్చి తగ్గేలోపు ఒక మనిషి చావు చెత్తబుట్టలో పడింది.

"దాన్ని రెండోసారి నేనే చంపాను," అని పాపక్క నెత్తి బాదుకుంది.

షిఫ్టు దిగాక తొట్ల దగ్గర రగడ మొదలైంది.

"కోర్టులు మనకోసం కట్టారా? గొళ్లేన్ని నాలుగు తంతే సరి," అన్నాడు బాయిలర్ మామ.

"తన్ని నువ్వు లోపలికి పో మామా. తాళం మళ్లీ మనకే," అంది పాపక్క.

కబురు విని వచ్చిన వకీలమ్మ అంది: "మనిషి రాలేదని కొట్టేశారు గానీ నేరం లేదని కాదు. మళ్లీ వేస్తాను. ఈసారి పిలిస్తే పలకండి చాలు."

"పలుకుతాం తల్లీ. షెడ్డంతా పలుకుతుంది," అన్నాడు మామ.

కొత్త ఫిర్యాదు వాయిదా రోజున అద్దకం ఆగిపోయింది. బంట్రోతు నోరు తెరిచాడో లేదో, "ఉన్నాం!" అని వరండా దద్దరిల్లింది. అతని చేతిలోని కాగితాల కట్ట జారి పడింది.

గొళ్లెం వకీలు లేచాడు. "అయ్యా, ఒకసారి కొట్టేసిన ఫిర్యాదు మళ్లీ చెల్లదు!"

"మీరెందుకు లేచారు?" అంది వకీలమ్మ. "మీవాడు ఇంకా ముద్దాయే కాలేదు. అంత తొందరగా ఉందా?"

కిటికీలకు వేలాడుతున్న మమ్మల్ని చూసి మేజిస్ట్రేటు కలం తీశాడు. పాపక్క చెప్పింది. తలుపు చప్పుడు విన్నవాళ్లంతా వరసగా చెప్పారు.

గొళ్లేనికి సమన్లు వెళ్లాయి. వాయిదా నాడు బంట్రోతు అతని అసలు పేరును చివర 'గారు' తగిలించి మరీ గొంతెత్తి పిలిచాడు. పలుకు లేదు. వారంటు పుట్టింది. పోలీసులు ఊరంతా గాలించారట, దొరకలేదట! దొర మాత్రం రోజూ ఆఫీసు గదిలో ఫ్యాను కింద కునుకు తీస్తున్నాడు.

"ఆ పేరుతో పిలిస్తే వాడికేం తెలుస్తుంది బాబూ?" అంది పాపక్క, తర్వాతి వాయిదా నాడు బంట్రోతుతో. "మేం పిలుస్తాంలే."

కోర్టు నుంచి నడిచాం. మగ్గాల షెడ్డువాళ్లు, మూటలు మోసేవాళ్లు దారిలో కలిశారు. ఆఫీసు గది ముందు ఆగాం.

"గొళ్లెం! హాజరా?"

కిటికీ తెర కదిలింది.

"గొళ్లెం! హాజరా?"

పోలీసు వ్యాను వచ్చి ఆగింది. "గుంపు కట్టకూడదు. కదలండి!" అన్నాడు ఎస్సై.

"వారంటు నీ జేబులో, మనిషి నీ ముందర. ఇంకేం కావాలి సారూ, పల్లకీనా?" అన్నాడు మామ.

ఎస్సై మామ మెడపట్టి వ్యానెక్కించాడు. మామ కిటికీలోంచే మూడో పిలుపు అందుకున్నాడు. వీధంతా అతనితో గొంతు కలిపింది.

"గొళ్లెం! హాజరా?"

పలకలేదు. లోపల గడియ పడిన చప్పుడు మాత్రం వినిపించింది. ఈసారి తనే బిగించుకున్నాడు.

షెడ్డు తలుపులాంటి గట్టి తలుపే. ఎంత గట్టిదో మాకు తెలుసు. పాపక్క ముందుకు వెళ్లి, చెల్లెలు బాదినట్టే దాన్ని బాదడం మొదలుపెట్టింది. ఆ వెనక మేమంతా.