టీ రాలేదని

పాలగిన్నె అడుగంటింది. కారవాన్‌లోని చిన్న సింకులో అది తిరగనైనా తిరగదు. అందుకని ఆమె గిన్నెనూ పొద్దుటి కప్పులనూ బకెట్లో వేసుకుని, రోడ్డవతల క్యారట్లు కడిగే తొట్టి దగ్గరికి వెళ్ళింది. సముద్రం పక్కన చిన్న ఊరు. ఇసుక దిబ్బల దాకా క్యారట్ మళ్ళు, ఉప్పుగాలి, తడిమట్టి వాసన. తొట్టి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు మోకాళ్ళ దాకా తడిసి, అప్పుడే పీకిన క్యారట్లను నీళ్ళలో దొర్లిస్తున్నారు. కాస్త జరిగి చోటిచ్చారు. పిడికెడు ఇసుక తీసుకుని గిన్నె తోముతుంటే వెనక ఇంజను చప్పుడైంది. ఇంట్లోవాళ్ళు బండిని నీడలోకి జరుపుతున్నారనుకుంది. తల తిప్పేసరికి కారవాన్ మలుపు తిరిగిపోతోంది.

ఆ బండిలో వెనక భాగం వంటగది. ముందు సీట్లకూ దానికీ మధ్య గోధుమరంగు తెర. పొయ్యి వేడి, నూనె వాసన ఇవతలికి రాకూడదని బయల్దేరిన రోజే అత్తగారు దాన్ని మూయించింది. అప్పట్నుంచీ అందరూ తెరతోనే మాట్లాడుతున్నారు. "అమ్మాయ్, నా మాత్రలు." "వదినా, కాసిని మంచినీళ్ళు." "టీ అయిందా?" వెనక నుంచి ఆమె "ఆఁ, వస్తున్నా" అనేది. ఆ మాట ఆమె తల్లిది. ఎవరు ఏ గదిలోంచి పిలిచినా, పిలుపు పూర్తికాకముందే ఆవిడ నోట ఆ మాట వచ్చేది. ఆవిడ పోయి ఇంకా ఎన్నాళ్ళో కాలేదు. "మీ అమ్మ పోయిన దగ్గర్నుంచీ నువ్వు నువ్వులా లేవు. ఈ ప్రయాణం నీకోసమే," అన్నాడు భర్త. ఆమె పాఠాలు చెప్పే బడికి తనే సెలవు పెట్టించాడు. మంచి మనసుతోనే అన్నాడు. ప్రయాణం ఆమె కోసమే గనక ఏం వండాలో, నీళ్ళు ఎక్కడ పట్టాలో, ఎవరి తువ్వాలు ఎక్కడ ఆరేయాలో కూడా ఆమెకే వదిలేశాడు.

"అదేంటమ్మా, మిమ్మల్ని వదిలేసి పోయారా?" అంది తొట్టి దగ్గరి పెద్దామె.

"లేదు లేదు. డీజిల్ పోయించుకోడానికి వెళ్ళారు. వచ్చేస్తారు."

"బంకు అటువైపు లేదే," అంది రెండో ఆమె. పెద్దామె మోచేత్తో ఆమెను పొడిచింది.

ఆ పొడవడం ఆమె కంట పడింది. దానికంటే వాళ్ళిద్దరూ పకపకా నవ్వేసి ఉంటే బాగుండేదనిపించింది. చెవులు వేడెక్కాయి. తరగతిలో రోజూ ఒక్కో పేరూ పిలిచి, పలకని పిల్ల కోసం బెంచీల మధ్య వెతికే మనిషి తను. తను ఎక్కిందో లేదో చూసుకోవాలని సొంతవాళ్ళెవరికీ తట్టలేదని వీళ్ళతో ఎలా చెప్పడం? అబద్ధం అంత నున్నగా నోట్లోంచి ఎలా జారింది? ఫోనేమో బండిలోనే ఛార్జింగులో ఉంది.

"మా ఆయన ఒకసారి సంతలో మేకను మర్చిపోయొచ్చాడు," అంది పెద్దామె, క్యారట్ల మీంచి తలెత్తకుండా. "సగం దారిలో గుర్తొచ్చి, చెప్పులు కూడా వదిలేసి వెనక్కి పరిగెత్తాడు. నాకోసమైతే పరిగెత్తేవాడా అని ఇప్పటికీ అనుమానమే నాకు."

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో దారి తప్పి ఏడుపైంది. తల్లి పోయిన రోజు పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ తనే టీలు పెట్టింది. ఆ తర్వాత ఎప్పుడు ఏడుద్దామన్నా పొయ్యి మీద ఏదో ఒకటి ఉంటూనే ఉంది. ఇక్కడ పొయ్యి లేదు, పిలుపు లేదు. తొట్టి గట్టు మీద కూర్చుని, గిన్నె మసి మొహానికంతా పూసుకుంటూ తీరిగ్గా ఏడ్చింది. నీళ్ళలో క్యారట్లు దొర్లే చప్పుడు మాత్రం ఆగలేదు.

చాలాసేపటికి దూరాన కారవాన్ కనబడింది.

'అప్పుడే వచ్చేశారే' అనుకుంది.

అనుకున్నాక గుండె గతుక్కుమంది. కూతురు ఉంది ఆ బండిలో, పదేళ్ళ పిల్ల. ఇంతసేపూ దాన్ని ఒక్కసారైనా తలచుకోలేదు. వదిలేసి వెళ్ళినందుకు కాక వెనక్కి వచ్చినందుకు బాధపడే తల్లి ఎక్కడైనా ఉంటుందా? ఆ ఆడవాళ్ళకు మొహం చూపించలేక, చెప్పకుండానే బకెట్ అందుకుని రోడ్డు దాటింది.

"చెప్పి దిగొద్దూ?" అన్నాడు భర్త కిటికీలోంచి. కోపం కాదు, మొహం పాలిపోయి ఉంది. "లోపలే ఉన్నావనుకున్నాం."

"రెండుసార్లు టీ అడిగితే పలకలేదు. అలిగావనుకున్నాం వదినా," నవ్వాడు మరిది. "ఎంతకీ టీ రాలేదని అమ్మ తెర తీసి చూసింది. లేకపోతే తిన్నగా ఇంటికే పోదుము."

"సర్లే, దొరికింది కదా," అంది అత్తగారు. "నాకు తల పగిలిపోతోంది. ముందు ఆ టీ సంగతి చూడమ్మాయ్."

ఆమె ఎక్కి, తలుపు పక్క సీట్లో కూలబడింది. కూతురు ఆమె మొహం మీది మసినీ, ఉబ్బిన కళ్ళనూ చూసింది. "నువ్వు కూర్చో అమ్మా, నేను పెడతాలే," అని ఆరిందాలా గిన్నె అందుకుని వెనక్కి వెళ్ళింది. తెర మూసుకుంది.

"నా బంగారుతల్లే," అంది అత్తగారు.

బండి కదిలింది. కాసేపటికి భర్త, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే, అలవాటుగా గొంతెత్తాడు. "టీ అయి..."

"ఆఁ, వస్తున్నా."

గొంతు పిల్లదే. పిలుపు పూర్తికాకముందే పలికిన ఆ తీరు మాత్రం అమ్మమ్మది.

ఆమె లేచి నిలబడింది. "బండి ఆపండి."

"ఏమైంది? ఏదైనా మర్చిపోయావా?" అన్నాడు భర్త, బండి పక్కకు ఆపి.

"ఆఁ" అన్న మాట పెదాల దాకా వచ్చింది. దాన్ని మింగేసింది. వెనక్కి వెళ్ళి పొయ్యి కట్టేసింది. కూతుర్ని తీసుకొచ్చి కిటికీ పక్కన కూర్చోబెట్టింది. తర్వాత తెరను ఒక్కొక్క కొక్కెం నుంచీ విడదీసి, నాలుగు మడతలు పెట్టి, దానిమీద తను కూర్చుంది. మొహం ఇంకా సిగ్గుతో మండుతూనే ఉంది. అయినా గొంతు తరగతిలో ఉన్నంత నెమ్మదిగానే వచ్చింది.

"పొయ్యి ఇప్పుడు అందరికీ కనిపిస్తోంది. టీ ఎవరు పెట్టినా సరే. మా ఇద్దరికీ కూడా పెట్టండి."