గోలీ తర్వాతి గంట

ఆదివారం పొద్దున కార్జం కడుగుతూ స్వర్ణలత పొయ్యిగట్టుకు ఆనుకుని నిలబడింది. మొగుడు ఉపేందర్‌కు కార్జం వేపుడంటే ప్రాణం. వండేది ఆమే, ఆమె తినేది మాత్రం ఉప్పులేని మజ్జిగన్నం. కామెర్లొచ్చినట్టు మొహం పచ్చబడి, రక్తపరీక్షలో కాలేయం అంకెలు పెరిగాయని తెలిసిన రోజే ఇంట్లో తీర్పు అయిపోయింది. "పసిరికలే. నువ్వు మింగే థైరాయిడ్ గోలీలే కార్జం ఖరాబ్ చేసినయి," అన్నాడు ఉపేందర్, వైద్యమంతా క్యాబ్ స్టీరింగ్ మీదే చదివినట్టు. మూడు వారాలుగా పసరు తాగిస్తున్నాడు. పసరు తాగినన్నాళ్లు ఇంగ్లీషు గోలీ ముట్టొద్దని మందిచ్చే రాజయ్య పత్యం పెట్టాడు.

పత్యం తిండికే గాని పనికి లేదు. శంషాబాద్‌లో కొత్త ఎయిర్‌పోర్టు తెరిచిన నాటి నుంచీ, నాలుగేళ్లుగా అక్కడ అద్దాలు తుడుస్తోంది. ఇంటికొచ్చి అంట్లు తోముతుంది. "ఏసీల పనిచేసేదానికి గింత బద్దకమేంది?" అని అతను నవ్వినప్పుడల్లా, నిజంగానే బద్దకమేమోనని సిగ్గుపడింది. మంగళవారం డ్యూటీలో మెట్లెక్కుతూ నాలుగో మెట్టు మీదే కూలబడింది. అప్పుడిక ఎవరినీ అడక్కుండా, యూనిఫాం మీదే అక్కడి ఒక దవాఖానకు పోయింది.

డాక్టరమ్మ కంటిరెప్పలు లాగి చూసింది. "కండ్లు తెల్లగనే ఉన్నయి. ఇవి పసిరికలు కావమ్మా, థైరాయిడ్ తక్కువైనా మొహం పచ్చబడతది. గోలీ ఇంతకుముందు ఎట్ల మింగేదానివి?"

"అందరికీ చాయ్ పోసినంక, నా చాయ్‌తోని."

"అందుకే ఒంటికి పట్టలే. గొంతుకాడి గ్రంథి పంపే హార్మోన్‌ను పనికొచ్చేటట్టు మార్చేదాంట్ల కాలేయానిది పెద్ద చెయ్యి. ఆ హార్మోన్ తక్కువైతే కాలేయమే మందగిస్తది, కొవ్వు పడతది, అంకెలు పెరుగుతయి. ఇప్పుడు గోలీ మొత్తానికే ఆపి దాన్ని ఇంకింత సతాయించినవ్. పసరు బంద్ చెయ్. పొద్దున లేవంగనే గోలీ మింగు, గంటదాంక చాయ్ ముట్టకు."

ఇంటికి పోయే బుద్వేల్ బస్సులో స్వర్ణలత కుడి పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుంది. ఎంత పనిమంతురాలివే తల్లీ, అనుకుంది. తిన్నదాన్ని సర్ది, విషాన్ని విరిచి, పైనుంచి వచ్చినదాన్ని ఒళ్లంతటికీ పనికొచ్చేలా చేసి, ఇన్నేళ్లలో ఒక్కనాడూ అలిసిపోయానని అనలేదు. పైన గొంతులో చిటికెడంత గ్రంథి, అది నీరసపడితే ఇదీ డీలా పడుతుంది, ఇది డీలా పడితే దాని కష్టమూ ఒంటికి అందదు. ఒద్దికైన తోడికోడళ్లు సంసారం ఈదుతున్నట్టే ఉంది. ఇంతటివాళ్లను లోపల పెట్టుకుని బద్దకపుదాన్నని తలొంచుకున్నానే అని ఆమెకు తన మీదే కోపం వచ్చింది. వెంటనే గర్వంగానూ అనిపించింది.

మర్నాడు పొద్దున గోలీ మింగి, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఉపేందర్ బయటికొచ్చాడు. "చాయ్ ఏది?"

"గంటయితది. గోలీ ఏసుకున్న."

"మల్ల గోలీలా? రాజయ్య వద్దన్నడు గద!"

"డాక్టరమ్మ ఏసుకోమన్నది."

అతను వంటింట్లోకి తొంగిచూశాడు. "అయితే నువ్వు తాగకు. మాకు పెట్టొద్దని కూడ చెప్పిందా డాక్టర్?"

"లేదు," అంది స్వర్ణలత, కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలుతూ. "గది నేను చెప్తున్న."