కడబంతి

ఉదయగిరిలో ఎవరింట పెళ్లయినా సాంబారు బకెట్టు రాఘవమ్మ చేతిలోనే ఉండేది. ముప్పై ఏళ్లు మోసీ మోసీ కుడిభుజం కిందికి జారిపోయింది. మనవరాలు రజిత మాత్రం బకెట్టు పిడి ముట్టడానికి వీల్లేదని ఆమె ఒట్టు పెట్టుకుంది. అలాంటి ఇంటికి బడి నుంచి ఒక కాగితం వచ్చింది.

హ్యాండ్‌బాల్ అంటే పెద్దవాళ్లకు అర్థం కాదని ఆటల సారు పాపం అచ్చతెలుగులో రాశాడు. రజిత చదివి వినిపించింది. "చేతిబంతి పోటీలకు మీ అమ్మాయిని ఆత్మకూరు పంపుటకు సమ్మతమేనా?"

రాఘవమ్మ ఎరిగిన బంతి ఒక్కటే, విస్తళ్లు పరిచి జనాన్ని కూర్చోబెట్టే బంతి.

"బంతికి వడ్డించేదానికి ఆత్మకూరు దాకా పోవాల్నా? దానికి గూడా పోటీలు పెట్టినారా? నేను వేలిముద్ర ఎయ్యను, ఫో!"

"వడ్డించేది కాదవ్వా, ఆట! చేత్తో ఆడతారు."

"వాలీబాలు కాళ్లతో ఆడతారా ఏంది? క్రికెట్లో పట్టుకునేది పళ్లతోనా? నా చెవుల్లో బంతిపూలు పెట్టబాకమ్మే!"

రజిత రెండు పూటలు అన్నం మానేసింది. ఊరందరికీ వడ్డించిన మనిషి ఇంట్లో ఖాళీ కంచం చూసి తట్టుకోగలదా? వేలిముద్ర వేసింది. వేసి, పిల్లలతోపాటు తనూ బస్సెక్కింది.

"ఆడ బకెట్టు కనబడిందో, జుట్టు పట్టుకోని ఈడ్చకొస్తా!"

ఆత్మకూరు గ్రౌండులో మొట్టమొదట కనబడింది బకెట్టే. అది తాగే నీళ్లకని సారు ఒట్టేసి చెప్పాక గానీ ఆమె కుదురుగా కూర్చోలేదు.

ఆట మొదలైంది. బంతి చేతులు మారుతుంటే రాఘవమ్మ నోరు తెరుచుకు చూసింది. కాసేపటికే ఆమెకు కడుపు మండింది. కెప్టెన్ దివ్యశ్రీ తన నేస్తాలకే బంతి ఇస్తోంది. చివర గీత దగ్గర రజిత చేతులు చాచి చాచి అలిసిపోతోంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనంటారు. రాఘవమ్మకు మాత్రం మనవాడనీ పరాయివాడనీ లేదు. ఆమె చేతిలో కడబంతికి సాంబారు అందని పెళ్లి లేదు. ఆమెకున్న గొప్పల్లా అదే.

చెరి పదకొండు గోల్స్. ఇంకొక్క నిమిషం ఉంది. రాఘవమ్మ దిగ్గున లేచింది.

"ఏమ్మే దివ్యశ్రీ! ముందరోళ్లకే ఎన్ని తూర్లు పోస్తావు? కడబంతికి వడ్డించవే!"

గ్రౌండంతా గొల్లుమంది. దివ్యశ్రీ సిగ్గుపడి తల తిప్పేసరికి, కాపలా ఎవరూ లేకుండా రజిత కనబడింది. బంతి విసిరింది. రజిత ఎగిరి కొట్టింది. గోల్!

విజిల్ మోగింది. గెలిచిన పిల్లలు కేరింతలు కొడుతుంటే రాఘవమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, వెళ్లి నీళ్ల బకెట్టు ఎత్తుకుంది.

"బకెట్టు ముట్టకూడదన్నావే అవ్వా!"

"నిన్ను ముట్టొద్దన్నా. నన్ను ఎవురన్నారు?"

ఓడిపోయిన పిల్లలు ఒక మూల తలలు వంచుకుని కూర్చున్నారు. రాఘవమ్మ నేరుగా వాళ్ల దగ్గరికి నడిచింది.

"అవ్వా, మాకు?" అని అరిచింది రజిత.

"ఉండండే! ఈ పొద్దు కడబంతి నుంచి వస్తా."