ఏడూ పదికి బయల్దేరే బాల్కనీ

పొద్దున్నే అత్తగారి మోకాళ్ళకి నూనె రాయడం, మొగుణ్ణి ఇంటి దగ్గర ఉంచి ఆవిణ్ణి టాక్సీ ఎక్కించుకుని అద్దె ఇల్లు చూడబోవడం, ఉసూరుమంటూ తిరిగొచ్చి కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసుకోవడం. నెల రోజులుగా కోడలికి ఇదే వరస. ఉంటున్న ఇంటిని పడగొట్టి కొత్తది కట్టుకుంటామన్నారు ఇంటివాళ్ళు. ఆదివారానికల్లా ఖాళీ చెయ్యాలి. మొగుడు చూడబోతే లిఫ్టుల మెకానిక్కు. ఊళ్ళో లిఫ్టులన్నీ ఆయన చెయ్యి పడితేనే కదులుతాయి గానీ, వాళ్ళ తాహతుకి లిఫ్టున్న ఇల్లు ఒక్కటీ దొరకలేదు. పోనీ కింది ఇల్లు చూద్దామా అంటే, కింది ఇళ్ళన్నీ ఎప్పుడో దుకాణాలైపోయాయి.

ఇరవై మూడో ఇల్లు కూడలిలో ఉంది. కింద మెట్రో, ముందు ట్రాము, వెనక బస్సులు. దుకాణాల బోర్డులు అయిదు రకాల లిపుల్లో ఉన్నాయి. మెట్లమీంచి దిగి వస్తున్నవాళ్ళు ఒక్కో అంతస్తుకి ఒక్కో భాషలో పలకరించుకుంటున్నారు. టాక్సీ దిగగానే కోడలి మనసు గంతులేసింది. ఇక్కణ్ణించి దుకాణం రెండే స్టాపులు. ఉంటే ఇక్కడే ఉండాలి అనుకుంది.

కాకపోతే ఇల్లు మూడో అంతస్తు. నలభై ఎనిమిది మెట్లు.

అత్తగారు మెట్లకేసి ఒకసారి చూసి, కర్ర పొడుచుకుంటూ వెళ్ళి ట్రాము స్టాపులో బెంచీ మీద కూర్చుంది. "నువ్వెళ్ళి చూసిరా అమ్మాయ్. నన్ను ఒకసారి ఎలాగో పైకి చేరుస్తారు. మళ్ళీ కిందికి రావాలంటే మాత్రం నలుగురు మోసి దించాల్సిందే" అంది. కోపంగా కూడా అనలేదు. అదే కోడలికి ఎక్కువ గుచ్చుకుంది.

ఆవిడ ముప్ఫై ఒక్క ఏళ్ళు ట్రాములో కండక్టరుగా చేసిన మనిషి. ఈ ఊళ్ళో వినిపించే తొమ్మిది భాషల్లోనూ ఆవిడకి మూడేసి మాటలొచ్చు: ఎక్కండి, జరగండి, దిగండి. బతకడానికి అంతకన్నా ఏం కావాలే అంటుంది. మోకాళ్ళు మొరాయించాక ట్రాము మెట్టెక్కడం ఆవిడ వల్ల కాలేదు. మూడేళ్ళుగా వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని, వచ్చే పోయే ట్రాముల్ని తిట్టుకుంటూ రోజులు వెళ్ళదీస్తోంది. ఆ గుమ్మం కూడా పోతే ఇక ఏముంటుంది?

ఇల్లు మాత్రం చూడముచ్చటగా ఉంది. వంటింట్లో నిలబడితే కూడలంతా కళ్ళముందే. కుళాయి తిప్పితే నీళ్ళు ధారగా పడ్డాయి. ఇంటాయన ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడట, గది గదికీ ఓ గడియారం కొట్టుకుంటోంది. ఆయన హాల్లోని చివరి తలుపు తీశాడు. అవతల గాలి తప్ప ఏమీ లేదు. మూడంతస్తుల కింద ట్రాము పట్టాలు మెరుస్తున్నాయి.

"బాల్కనీ ఏడూ పదికి వెళ్తుందమ్మా. పేటంతా ఓ చుట్టు చుట్టి ఎనిమిదింటికి వచ్చేస్తుంది. ఈలోపు తలుపు గడియ వేసుకోండి" అన్నాడు, నీళ్ళొచ్చే వేళలు చెప్పినట్టు.

వానలో కూడా వెళ్తుందా అని అడిగింది కోడలు. వెళ్తుందట. బట్టలు ఆరేస్తే క్లిప్పులు గట్టిగా పెట్టుకోవాలట, ఊరు తిరిగొచ్చేసరికి ఎండిపోతాయట. నిన్న వచ్చినవాళ్ళు కాఫీ తాగే వేళకి బాల్కనీ ఇంట్లో లేకపోతే ఎలాగని వద్దనేశారట. ఇవాళ ఎనిమిదిన్నరకి ఇంకో జంట వస్తున్నారు, వాళ్ళకి ఏ పేచీ లేదు, మీరు ఎనిమిదింటికల్లా ఏ సంగతో తేల్చేయండి అన్నాడు.

కోడలు వంటింటి కిటికీ దగ్గరికొచ్చి నిలబడింది. తీసుకుంటే అత్తగారిని అటక మీద సామానులా పైన పెట్టేసినట్టే. వదులుకుంటే ఆదివారం ముగ్గురూ రోడ్డున పడ్డట్టే. ఇంత కష్టంలోనూ ఆ ఇంటిమీద తనకి పుట్టిన ఆశ చూసుకుని సిగ్గుపడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అంతలో బస్సుల మలుపు తిరిగి బాల్కనీ వచ్చింది. ఇనప కమ్మీలు, రెండు పూలకుండీలు, ఓ కుర్చీ. ట్రాము డ్రైవరు గంట కొట్టి దారిచ్చాడు. బెంచీ మీది అత్తగారు దాన్ని చూసింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటు ఊరికే పోతుందా, కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది.

బాల్కనీ నెమ్మదించింది. కిందికి దిగి, స్టాపులో గచ్చుకి సమానంగా ఆగింది.

"అదెప్పుడూ దారిలో ఆగలేదే" అన్నాడు ఇంటాయన, కోడలి భుజం మీంచి తొంగిచూస్తూ.

అత్తగారు కర్ర ముందు పెట్టి, తన ఇంట్లో గడప దాటినట్టు దాటింది. కుర్చీలో కూర్చోలేదు. కమ్మీ పట్టుకుని నిలబడింది. బాల్కనీ పైకి లేచింది. కోడలు పరుగున వెళ్ళి హాలు తలుపు తీసి నిలుచుంది. బాల్కనీ వచ్చి గోడకి అతుక్కుంది. అత్తగారి జుట్టు చెదిరిపోయింది, బుగ్గలు ఎర్రబడ్డాయి. ఆవిడ ముందు ఇంటాయన వైపు తిరిగింది.

"రెండు నిమిషాలు ఆలస్యం."

ఇంటాయన గోడ మీది గడియారం చూసి తలొంచుకున్నాడు. నిజమే మరి.

"ఏం చూస్తున్నావే, సంతకం పెట్టు" అంది అత్తగారు కోడలితో. కోడలు ఆవిణ్ణి గట్టిగా కౌగిలించుకుంది. అత్తాకోడళ్ళయ్యాక అదే మొదటిసారి. ఇద్దరికీ కాస్త మొహమాటంగానే అనిపించింది.

ఆదివారం సామాను చేరింది. సోమవారం పొద్దున్న అత్తగారు నున్నగా దువ్వుకుని బాల్కనీలోకి వెళ్ళి నిలబడింది. గడియారాలన్నీ చూస్తుండగా ఏడూ పదికి బాల్కనీ కదిలింది. స్టాపులో ఇద్దరు ముసలమ్మలు, చంకన పిల్లాడితో ఓ తల్లి చెయ్యెత్తారు. వాళ్ళది ఏ భాషో కోడలికి తెలియలేదు గానీ, అత్తగారు వాళ్ళ మాటలోనే ఎక్కండి అనడం కిటికీలోంచి వినపడింది.

ఎనిమిదైంది, బాల్కనీ రాలేదు. ఎనిమిదీ పదైంది, అదీ దాటింది. మొగుడు అప్పటికే పనికి వెళ్ళిపోయాడు, కోడలికి దుకాణానికి వేళ మించిపోతోంది. ఎనిమిదింపావుకి బాల్కనీ కిటికీ ముందుకొచ్చింది, కాలు పెట్టే సందు లేదు. కర్రలు, సంచులు, పిల్లలు, ట్రాము మెట్టెక్కలేనివాళ్ళంతా అందులోనే ఉన్నారు. మధ్యలో అత్తగారు జరగండి జరగండి అంటూ తిరుగుతోంది. కోడలి వైపు చూసే తీరిక కూడా లేదు ఆవిడకి.

"నాకోసం చూడకు, ఇంటికి తాళం వేసుకుని పో. నాకింకో చుట్టుంది" అని కేకేసింది. బాల్కనీ మలుపు తిరిగిపోయింది.

కోడలు నవ్వుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ అట్టపెట్టెలన్నీ విప్పి వెతకడం మొదలుపెట్టింది. తాళంకప్ప ఎందులో ఉందో ఎంతకీ దొరకలేదు. మూడేళ్ళుగా ఇంట్లో ఎప్పుడూ ఓ మనిషి ఉంటూనే ఉందాయె, దానితో పనే పడలేదు.