కోతలు మానేసిన సీమోను

భయమంటే ఎరగని మనిషిని కొల్లేటి చుట్టుపక్కల ఒక్కణ్ణే చూశాను. ఆయన పేరు సీమోను. తుఫాను గాలికి దోనె తిరగబడితే, దాని వీపు మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటూ ఒడ్డుకొచ్చిన రకం. పాము కరిస్తే ఆ పాముకే మందు వేయించాడని చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎక్కువగా ఆయనేననుకోండి.

అలాంటి సీమోను ఆ పొద్దున ఏలూరు కోర్టు వరండాలో బల్ల మీద కూర్చుని, రెండు మోకాళ్లనూ చేతులతో అదిమి పట్టుకున్నాడు. వదిలితే వణుకుతున్నాయి. కాబట్టి మొదట నేనన్న మాట కొట్టేసుకోండి. భయం ఎరగని మనిషి మా వైపు ఒక్కడూ లేడు.

వరండా పక్కనే పిల్లల కోసం ఉంచిన గదిలో ఆయన మనవరాలు పెర్సిస్ ఉంది. తొమ్మిదేళ్ల పిల్ల. ఊళ్లో ట్యూషన్ చెప్పే విజయ్ కుమార్ తనతో చేసిన పాడుపని గురించి కిందటేడు వానాకాలంలో తల్లి మానసకి చెప్పింది. మానస అదే రోజు పోలీసు స్టేషన్‌కి వెళ్లింది. వాడు అరెస్టయ్యాడు, బెయిలు మీద బయటికీ వచ్చాడు. ఇవాళ పెర్సిస్ జడ్జిగారి ముందు చెప్పాలి. మానస కూడా సాక్షే కనుక ఆ సమయంలో లోపల ఉండకూడదన్నారు. పక్కన ఎవరు కావాలని అడిగితే, కేసు పెట్టిన కొత్తలోనే పిల్ల "తాత" అంది.

ఆ కొత్తలోనే ఇంకోటి జరిగింది. టీ కొట్టు దగ్గర విజయ్ కుమార్ బావ ప్రసాదరావు నలుగురూ వినేలా అన్నాడు.

"కోతల సీమోను మనవరాలే కదటండీ? తాత చేపల కథలు చెప్తాడు, పిల్ల మాస్టారి కథ చెప్పింది. రక్తంలో ఉంది మరి!"

ఎవరూ నవ్వలేదు. తప్పని కూడా ఎవరూ అనలేదు. సీమోను గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేశాడు. తన నోటి వల్ల పిల్ల మాట చెల్లకుండా పోతుందేమోనన్న భయం ఆ రోజు ఆయన గుండెల్లో దూరింది. అంతే, కోతలు మానేశాడు. కిలోంపావు చేపని కిలోంపావే అన్నాడు. వినేవాళ్లు ఈయనకి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు. సాయంత్రం పెర్సిస్ పక్కన చేరి "తాతా, కథ" అంటే, "కథల్లేవమ్మా ఇంక" అనేవాడు. కొన్నాళ్లకి పిల్ల అడగడం మానేసింది.

గదిలోంచి కుసుమ బయటికొచ్చింది. ఇలాంటి పిల్లలకి కేసు తేలేదాకా తోడుండడానికి నియమించిన మనిషి. సపోర్ట్ పర్సన్ అంటారు. ఆస్పత్రికి తనే తీసుకెళ్లింది. పోయిన వారం పిల్లని ఇక్కడికి తెచ్చి, ఖాళీగా ఉన్న కోర్టు హాలు చూపించి, నువ్వు కూర్చునేది ఇక్కడ, వాడు నీకు కనపడకుండా ఇదిగో ఈ తెర అని చెప్పి మరీ పంపింది. ఎప్పుడూ తొణకని ఆ మనిషి మొహం ఇవాళ పాలిపోయి ఉంది.

"బాబాయ్ గారండీ, పిల్ల లోపలికి రానంటోంది."

"అదేంటమ్మా? నిన్నటిదాకా వస్తానంది కదా!"

"మీకు తన మీద కోపమొచ్చిందనుకుంటోందండీ. 'నేను అమ్మకి చెప్పినప్పటి నుంచీ తాత కథలు మానేశాడు, మళ్లీ చెప్తే అసలు మాట్లాడ్డేమో' అంటోంది."

సీమోను బల్ల మీంచి లేచాడు. "నాకు కోపమా? దాని మీదా?"

"ఆ సంగతి దానికెలా తెలుస్తుందండీ? మీరే వెళ్లండి. కానీ కేసు గురించి ఒక్క మాట ఎత్తకండి. ఇలా చెప్పు, అలా చెప్పు అని ఎవరూ నేర్పకూడదు. మామూలుగా మాట్లాడండి, అంతే."

మామూలుగా అంటే కథే. గది తలుపు తీసే ఉంది. ఎదురు బల్ల మీద ప్రసాదరావు కూర్చుని ఇటే చూస్తున్నాడు. ఇక్కడ నోరు విప్పితే ఆ మాట నేరుగా వాళ్ల వకీలు చెవిలో పడుతుంది. విప్పకపోతే పిల్ల లోపలికి అడుగు పెట్టదు.

సీమోను వెళ్లి చాప మీద చతికిలబడ్డాడు. పెర్సిస్ తల ఎత్తలేదు.

"ఇందాక మన బస్సులో కొర్రమీను ఎక్కింది, చూశావా?" అన్నాడు. "ఆడవాళ్ల సీట్లో కూర్చుంది. లేవమంటే నేను ఆడచేపనే అంది."

ప్రసాదరావు లేచి వకీలు వైపు వెళ్లడం సీమోనుకి కనపడింది. అయినా ఆపలేదు.

"కండక్టరు హాఫ్ టిక్కెట్టు కొట్టాడు."

"డబ్బులెక్కడివి దానికి?" పిల్ల నేల చూపులు చూస్తూనే అడిగింది.

"మొప్పల్లో దాచుకుంది."

"అబద్ధం."

"అబద్ధమే."

పెర్సిస్ తాత మొహంలోకి చూసింది. అంతలో లోపలి నుంచి పిలుపు వచ్చింది. సీమోను చేయి చాపాడు. ఆ చిన్న చేయి మంచులా ఉంది. తన చెయ్యి అంతకంటే నయమేం కాదు.

హాల్లో ఆయన పిల్ల వెనక కుర్చీలో కూర్చోవాలి, పెదవి మెదపకూడదు. తెర అవతల ఎవరో దగ్గారు. ఆ దగ్గు ఎవరిదో ఇద్దరికీ తెలుసు. పిల్ల మెడ బిగుసుకుంది. కుసుమ ఆమె పక్కకి కొంచెం జరిగింది. పిల్ల నెమ్మదిగా, ఆగి ఆగి, చెప్పాల్సింది చెప్పింది. మధ్యలో ఒకసారి నీళ్లు తాగింది.

తర్వాత అవతలి వకీలు అడగమన్న ప్రశ్నని జడ్జిగారు మెత్తగా పిల్లకి అడిగారు. "మీ తాతగారు కథలు చెప్తారా అమ్మా? ఇందాక కూడా చెప్పారటగా?"

సీమోను కళ్లు మూసుకున్నాడు. అయిపోయింది, నేనే ముంచాను అనుకున్నాడు.

"చెప్పాడండి. చేప బస్సెక్కిందని. అది అబద్ధమండి."

"మరి నువ్వు చెప్పింది?"

"అది కథ కాదండి. చేప గురించి ఎన్నిసార్లైనా వినబుద్ధేస్తుంది. ఇది చెప్తుంటే కడుపులో నెప్పొస్తోందండి."

జడ్జిగారు రాయించి, ఇవాళ్టికి చాలన్నారు.

పెర్సిస్ నవ్వుకుంటూ బయటికొచ్చి వాళ్లమ్మ మెడ కావలించుకుంది.

కేసు ఇంకా నడుస్తోంది. విజయ్ కుమార్ ఇంకా కాలవ అవతలే ఉంటున్నాడు. సీమోను చీకటి పడకముందే తలుపు గడియ పెడుతున్నాడు, పెట్టి లోపల కోతలు కోస్తున్నాడు.

ఇక మీరు అడక్కముందే చెప్పేస్తాను, ఇందులో నేను కల్పించింది ఒక్కటే. పిల్ల నవ్వుకుంటూ వచ్చిందన్నానే, అది. నవ్వలేదు. ఆకలేస్తోందని మాత్రం అంది, ఊరు చేరేదాకా తాత చొక్కా అంచు వదల్లేదు.