బసప్ప బ్యాండు కొత్త పాట

ఆ రోజుల్లో ఆదోనిలో బసప్ప బ్యాండు అంటే తెలియనివాళ్లు లేరు. పెళ్లి ఊరేగింపైనా, పీర్లు లేచినా, చుట్టుపక్కల ఏ ఊళ్లో తేరు కదిలినా ఆయన క్లారినెట్టే ముందు నడవాలి. తల నెరిసింది, ముందుపళ్లు కదులుతున్నాయి, అయినా ఆయన ఊదితే పత్తి దించుతున్న హమాలీలు బస్తాలు భుజాన పెట్టుకొనే నిలబడిపోయేవాళ్లు. అలాంటి మనిషికి పంతొమ్మిది వందల ఎనభై నాలుగులో ఏం బుద్ధి పుట్టిందో ఏమో, బళ్లారి నుంచి కరెంటు గిటారు తెప్పించి, ట్రాక్టరు మీద మైకుసెట్టు కట్టించి, ఎక్కడా నిలవకుండా ఉరికే పాట ఒకటి కట్టాడు.

దాని మీద వారపత్రికలో సేతుమాధవరావు సారు రాశారు. పగలు హైస్కూల్లో పాఠాలు, సాయంత్రం ఫిడేలు, అదీ ఆయన లోకం. ఆ పేపరు పట్టుకొని, బసప్ప పాటంటే పడిచచ్చే కుర్రాడు మద్దిలేటి, పత్తి మిల్లు ఎదుటి టీ హోటల్లోకి మండిపడుతూ వచ్చాడు.

"ఇనండప్పా! 'తాత మనవడి చొక్కా తొడుక్కున్నట్టుంది' అంట. 'ఈ పాటకు ఊపిరి తీసుకొనే చోటే లేదు' అంట!"

"నిజమే గదప్పా రాసింది," అన్నాడు పెద్దవాడు ఏసన్న. "నా పెండ్లికి బసప్ప వాయిస్తాంటే మా అత్త కండ్లనీళ్లు పెట్టుకునింది."

"నీ మొగం సూసి పెట్టుకునింటాది లే మామా!"

హోటలంతా నవ్వింది. ఏసన్న కూడా నవ్వాడు గానీ వదల్లేదు. "అది కాదురా. పాటంటే నడమ నిలవాల. నిలిస్తేనే మనసుకు పడతాది."

"ఫిడేలు ఒళ్లో పెట్టుకొని కునికేటోనికి, నీకు బాగా సరిపాయ! మా అక్కోళ్లూరి తేరు దినం సూడు. మా బసప్పన్న పాట నిలిసిందంటే మీసం తీసేస్తా!"

కుర్రాళ్లంతా ఈలలు వేశారు. మెట్టు మీద కూర్చున్న మద్దిలేటి అక్క సుంకమ్మ మాత్రం టీ గ్లాసు పక్కన పెట్టేసింది.

ఎందుకంటే ఎమ్మిగనూరు దగ్గర ఆమె అత్తగారి ఊళ్లో తేరు చక్రానికి మొద్దు వేసేది ఆమె మొగుడు లక్ష్మన్నే. గుడి ముందు నుంచి వీధి వాలుగా దిగుతుంది. చివర మలుపు. మోకులు లాగేవాళ్లు ఎక్కడో ముందుంటారు, వాళ్లకు చక్రం కనబడదు. ఆ గోలలో కేక వేసినా వినబడదు. అందుకని మలుపు రాగానే బ్యాండు ఒక్కసారిగా ఆగిపోవాలి. ఆ నిశ్శబ్దం చెవిన పడగానే అందరూ మోకు సడలిస్తారు. అప్పుడు లక్ష్మన్న వంగి, తేరు నిలిచి మలుపు తిరిగేలా చక్రం కింద మొద్దు తోస్తాడు. తాతల నాటి పద్ధతి. ఒక ఏడు బసప్పకు జ్వరమొచ్చి ఇంకెవరో వాయించారు, ఆపడం కొంచెం ఆలస్యమైంది. అప్పట్లో మొద్దు వేసే సుంకమ్మ మామ అయ్యన్న, ఆ తర్వాత చచ్చేదాకా మిగిలిన మూడు వేళ్లతోనే ముద్ద కలుపుకొని తిన్నాడు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె ఆ చేతి వైపు చూడకుండానే అన్నం వడ్డించేది.

బసప్ప ఇంటికి పోయి అడిగింది. "అన్నా, మలుపు కాడ ఆపుతావు గదా?"

"ఆపకుండా యాడికి పోతానమ్మా? మీ మామకు ఆపినోన్ని, నీ మొగునికి ఆపనా? పాట కొత్తది గానీ నేను పాతోన్నే."

తమ్ముడికీ చెప్పింది. "సరేలే అక్కా, మావోళ్లకు సెప్తా. బావ కంటే ఎక్కువనా?" అన్నాడు. అన్నాడే గానీ, తేరు దగ్గరపడే కొద్దీ ఆ పాటకు చప్పట్లు ఎలా పడాలో కుర్రాళ్లకు నేర్పుతూనే ఉన్నాడు. మిల్లులో దూది ఏరుతున్నా ఆ చప్పట్లే ఆమె చెవిలో పడుతుండేవి.

తేరు కదిలిన సాయంత్రం వీధి నిండా జనం. మలుపు దగ్గర అరుగు మీద సేతుమాధవరావు సారు కూర్చున్నారు. గిటారు గోలకు మొహం చిట్లించుకున్నారు. ట్రాక్టరు ముందు, వెనక మోకులు, ఆ వెనక తేరు. పక్కనే మొద్దు చంకన పెట్టుకొని లక్ష్మన్న. సుంకమ్మ గోడ పట్టుకొని మలుపు వైపే చూస్తోంది.

మలుపు వచ్చింది. బసప్ప మాట తప్పలేదు. చెయ్యి ఎత్తాడు. గిటారు, డ్రమ్ము, క్లారినెట్టు అన్నీ ఒక్కసారే ఆగాయి. లక్ష్మన్న వంగాడు.

అరుగు మీద సారుకు ప్రాణం లేచొచ్చినట్టయింది. "ఆఁ! ఇదీ!" అని తొడ మీద చరిచి నవ్వారు. కుర్రాళ్లలో ఎవడో ఆ నవ్వు చూశాడు.

"సారుకు బయపడి ఆపినార్రా! కొట్టండ్రా!"

చప్పట్లు లేచాయి. ఈలలు లేచాయి. బ్యాండు ఆపిన చోటి నుంచే వందమంది గొంతెత్తి పాట అందుకున్నారు. ముందు వరసలో మద్దిలేటి ఉన్నాడు, మొదట ఒక్క క్షణం ఊరుకున్నాడు, తర్వాత అతని చేతులు కూడా కలిశాయి. మోకుల దగ్గరివాళ్లకు వినబడింది పాటే. లాగారు.

బసప్ప క్లారినెట్టు కిందపడేసి రెండు చేతులూ ఊపుతున్నాడు. ఆడుతున్నాడనుకొని జనం ఇంకా గట్టిగా కొట్టారు. సుంకమ్మ అరుపు ఆమెకే వినబడలేదు. మొద్దు ఎగిరి పక్కకు పడింది.

తేరు గోడకు గుద్దుకొని నిలిచాక గానీ చప్పట్లు ఆగలేదు. లక్ష్మన్న తల ఒళ్లో పెట్టుకొని కూర్చుంది సుంకమ్మ. ఊపిరి ఉంది. మోకాలి కింద మాత్రం చూడలేకపోయింది. ఎదురుగా తమ్ముడు నిలబడి ఉన్నాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

"యాడ సూస్తావురా? ఈడికి రా. ఆ సేతులతో కాలు గట్టిగా అదుము."

మద్దిలేటి కూలబడి, చప్పట్లకు ఎర్రగా కందిన అరచేతులు రెండూ పెట్టి అదిమాడు. ఆదోని ఆసుపత్రికి జీపు వచ్చేదాకా అదుముతూనే ఉన్నాడు. నెత్తురు ఆగలేదు.